రిమార్కుల గడిలో ఊరేగింపు

ఎర్ర దీపం వెలుగుతుండగా ఎడమకు తిరిగే వాహనాన్ని పోనివ్వవచ్చునా, కూడదా అన్న ప్రశ్నకు పదకొండు పుటల సమాధానం ఒకప్పుడు నేను వ్రాశాను. అందులో కూడికల తప్పు ఒక్కటీ లేదు. వాక్యదోషం కూడా లేదని నా పై అధికారి మెచ్చుకున్నారు. ఆ సమాధానం వల్ల ఒక మనిషి కాలు విరిగింది. మరొక మనిషి ఉద్యోగం ఊడే దాకా వచ్చింది. ఇటీవల రోడ్ల శాఖలో చేరిన ఒక యువకుడు నన్ను వెదుక్కుంటూ వచ్చి, అదే ప్రశ్నను ఇప్పుడు తనకు అప్పగించారనీ, పాత కాగితాలేమైనా దొరుకుతాయా అనీ అడిగాడు. కాగితాలు లేవు. అతనికి నోటితో చెప్పినదాన్ని, అతని వంటి మరికొందరికి పనికివస్తుందేమోనని, ఇక్కడ వరుసగా వ్రాస్తున్నాను.

అప్పటికి మద్రాసులో ట్రాములు ఆగిపోయి ఎంతో కాలం కాలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, నాతో చదువుకున్నవారు చాలామంది పెట్టెలు సర్దుకొని కర్నూలుకు వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. కారణం అడిగినవారితో, ఈ పట్టణపు వీధులు ఇంకా నాకు లొంగలేదని అనేవాణ్ణి. వయస్సు ముప్పై దాటలేదు. క్రమం అంటే ప్రాణం. మేజాపై పెన్సిళ్లు పొడవు ప్రకారం ఉండేవి. ఎవరికి ఏ చీటీ వ్రాసి ఇచ్చినా, అది రెండు పంక్తులదైనా సరే, కింద కార్బన్ కాగితం పెట్టి నకలు ఉంచుకునేవాణ్ణి. ఆఫీసులో దీన్ని గురించి వెనుక నవ్వుకునేవారని నాకు తెలుసు.

సౌకార్‌పేట నుంచి సరుకు బండ్లు దిగివచ్చే దారి, రేవు వైపు పోయే పెద్ద రోడ్డును కలిసే చోట, మా శాఖ కొత్తగా విద్యుద్దీపాలు నిలబెట్టింది. అంతకు ముందు అక్కడ గొడుగు కట్టిన దిమ్మెపై ఒక కానిస్టేబుల్ నిలబడి, చేతులతోనూ ఈలతోనూ బండ్లను నడిపేవాడు. దీపాలు రాగానే దిమ్మెను తీసివేశారు; కానిస్టేబుల్‌ను మాత్రం, దీపాన్ని లక్ష్యపెట్టడం జనానికి అలవాటయ్యే వరకు ఉంచారు. ఆయన తెలుగువాడు. తాతముత్తాతల నాడే ఈ పట్టణానికి వచ్చిన కుటుంబం. పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. మోకాళ్ల దాకా నిక్కరు, పొడవైన ఎర్ర టోపీ, ఎండకు కమిలిపోయిన ముఖం.

దీపాలు వచ్చిన కొద్ది నెలలకే ఫిర్యాదు వచ్చింది. పెద్ద రోడ్డుపై వచ్చి ఎడమకు, అంటే బజారు వైపుకు తిరగవలసిన బండ్లన్నీ ఎర్ర దీపం దగ్గర నిలిచిపోతున్నాయి. ఎదుట దారి ఖాళీగా కనిపిస్తున్నా కదలకూడదు. బజారు వర్తకులు, బస్సుల వారు కలిసి వచ్చి, ఎడమకు తిరిగేవాడు ఎవరికీ అడ్డురాడు గదా, వాణ్ణి ఎందుకు ఆపుతారని అడిగారు. న్యాయంగానే కనిపించింది. దీని లాభనష్టాలు తూచి నివేదిక వ్రాయమని పై అధికారి నాకు ఆజ్ఞాపించారు.

తూచాలంటే ముందు లెక్కించాలి. లెక్కకు పత్రాన్ని నేనే తయారుచేశాను. కారు, లారీ, బస్సు, సైకిలు, రిక్షా, జట్కా, ఎద్దుబండి, తోపుడు బండి, పాదచారి: ఒక్కొక్క దానికి ఒక గడి. చివర రిమార్కులకు వెడల్పైన గడి. పత్రం వెనుక పన్నెండు నియమాలు. ఏడవ నియమం నాకు ఇప్పటికీ కంఠస్థమే. పెళ్లి, శవయాత్ర, స్వామివారి ఉత్సవం వంటి వాటిలో వరుసకట్టి పోయే జనాన్ని పాదచారుల గడిలో చేర్చరాదు. రిమార్కుల గడిలో ఊరేగింపు అని వ్రాసి, ఒకటిగా చూపవలెను. ఒక పెళ్లివారు బాజాలతో లెక్కలోకి జొరబడితే ఆ గంట సగటు అంతా పాడైపోతుంది. అందుకే ఆ నియమం. నాకు అది చాలా ముద్దుగా కనిపించింది.

లెక్కకు కూర్చున్న గుమాస్తా నాకంటే పదేళ్లు పెద్దవాడు. నియమం అంటే నియమమే ఆయనకు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, రెండు వారాల పాటు ఒక పొగాకు దుకాణం అరుగుపై కూర్చుని గీతలు గీశాడు. ఒక్క పూట తప్పలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున కూడలికి వెళ్లి, రాబోయే మార్పు గురించి కానిస్టేబుల్‌కు చెప్పాను. ఎడమకు తిరిగేవాడు ఎర్ర దీపం దగ్గర పూర్తిగా ఆగాలి, చూసుకోవాలి, ఆ తరువాత పోవచ్చునని వివరించాను. ఆయన టోపీ కింద చెమట తుడుచుకుంటూ విన్నాడు.

“ఆగి, చూసి, పోవచ్చును అంటా ఉండారు. శరి. మూడు మాటలు చెప్తే బండోడి చెవిలో కడపటి మాటే నిలుస్తాది సార్.”

బోర్డు పెద్ద అక్షరాలతో వ్రాయిస్తామని నేను చెప్పాను. ఆయన నవ్వలేదు, నవ్వు ఆపుకున్నాడని ఇప్పుడు తెలుస్తున్నది.

నివేదికలో లాభాల పక్షాన ఏడు పుటలు వచ్చాయి. మిగిలే కాలం, మిగిలే పెట్రోలు, ఎండలో నిలిచే గుర్రాలకూ ఎద్దులకూ తగ్గే శ్రమ. నష్టాల పక్షాన రెండు పుటలు. ఎక్కువగా బండికి బండి తగిలే ప్రమాదం గురించే. పాదచారుల సంగతి నాలుగు పంక్తుల్లో తేల్చాను: బండ్ల రద్దీ గంటల్లో నడిచేవారు తమంతట జాగ్రత్తపడుతున్నారు, పది గంటలు దాటాక నడిచేవారే అరుదు, కనుక అపాయం స్వల్పం. ఒక నెల పాటు ప్రయోగం చేసి చూడమని సిఫారసు చేశాను. ప్రయోగం నడిచినన్నాళ్లు ఆ కూడలి కానిస్టేబుల్ నా సూచనల ప్రకారం నడుచుకోవాలని ఉభయ శాఖల వారు ఒప్పుకున్నారు.

మొదటి రెండు వారాలు నాకు పండుగే. బండ్ల బారు కరిగిపోయింది. వర్తకులు మా ఆఫీసుకు పూలదండ, పటికబెల్లం పంపారు. పటికబెల్లాన్ని నిబంధనల ప్రకారం తిప్పి పంపాను. దండ వాడిపోయే వస్తువు గనుక ఉంచుకున్నాను. నాకు పదోన్నతి దగ్గరలోనే ఉన్నదని పై అధికారి సూచనగా చెప్పారు.

రెండవ వారం శనివారం, పది గంటల తరువాత, నేను కారులో ఆ దారినే వస్తున్నాను. ఎర్ర దీపం పడింది. ఎడమ వరుస కదలాలి గదా, కదలలేదు. నా ముందు పెద్ద బస్సు ఒకటి గోడలా నిలిచి ఉన్నది. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే, ఎడమ మలుపు దగ్గర కానిస్టేబుల్ అరచేయి ఎత్తి బండ్లను ఆపుతున్నాడు. బస్సుకు అవతల ఏమి జరుగుతున్నదో నాకు కనిపించలేదు. బస్సు కదిలి నేను కూడలి చేరేసరికి దారి ఖాళీగా ఉన్నది. కారు దిగి, ఎవరు ఆపమన్నారని అడిగాను. ఆ వేళకు ఆయన రోజూ అలాగే ఆపుతున్నాడని పొగాకు దుకాణం వాడు చల్లగా అందించాడు. నా మిగిలిన కాలమంతా, నా సగటులన్నీ, ఈ మనిషి అరచేతిలో పాడైపోతున్నవని నాకు తోచింది.

“ఆళ్లొచ్చే టైము సార్ ఇది,” అని ఆయన మొదలుపెట్టాడు. “ఆళ్లు పాపం…”

“ఎవరు వచ్చినా సరే. ప్రయోగం ముగిసే వరకు ఎడమ వైపు బండిని చేతితో ఆపరాదు. ఈల వేయరాదు. మీ స్థానం ఎదుటి మూల, దీపస్తంభం దగ్గర. అక్కడి నుంచి కదలరాదు.”

ఈ మాటలనే కారు ముందు భాగంపై చీటీల పుస్తకం పెట్టి వ్రాసి, సంతకం చేసి, చీటీ చించి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. సెల్యూట్ చేశాడు. ఆళ్లు ఎవరని నేను అడగలేదు. నలభై ఏళ్ల ఉద్యోగంలో నేను అడగని ప్రశ్నలు ఎన్నో ఉంటాయి. అన్నిటికంటె చిన్నదీ, అడగడానికి ఖర్చులేనిదీ అదే.

సోమవారం పదకొండు గంటలకు ఫోను వచ్చింది. ఎడమకు తిరుగుతున్న ఒక వ్యాను పాదచారిని కొట్టింది. మనిషిని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కానిస్టేబుల్ ఎదుటి మూలన నిలబడి చూస్తూ ఉండిపోయాడని నలుగురూ చెప్పారట. అదే సాయంత్రం ఆయన బెల్టు, టోపీ తీసుకున్నారు. విచారణ వారంలోగా. విధి విస్మరించాడని రుజువైతే ఉద్యోగం పోతుంది. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నా లేనట్టే. రుజువుకు విచారణాధికారి కోరిన ముఖ్యమైన సాక్ష్యం నా నివేదికే. ఆ గంటలో నడిచేవారు అరుదని అందులో ఉన్నది గదా. అరుదుగా వచ్చే ఒక్క మనిషిని కూడా చూసుకోలేకపోయాడంటే తప్పు కానిస్టేబుల్‌దే కదా అని వారి తర్కం. నా తర్కమే అది.

గాయపడినవాని మాట నమోదు చేసుకోవడానికి గుమాస్తాను వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్లాను. మంచంపై యాభై దాటిన మనిషి. మోకాలి కింద నుంచి పిండికట్టు. పక్కన బల్లపై మామూలు పంచెతో కూర్చుని, ఇడ్లీ తుంచి ఆయన చేతికి అందిస్తున్నవాడు మా కానిస్టేబుల్. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మంచంపై మనిషి నా వైపు తల తిప్పాడు గాని చూపు నాపై నిలవలేదు. అప్పుడు తెలిసింది, ఆయన అంధుడని.

ఒక ధర్మసంస్థ నడిపే పేము పని శాలలో ఆయన మేస్త్రి. ఆయనతో కలిపి తొమ్మిదిమంది అంధులు. సాయంత్రం శాల వారి బండిలో తిరిగి వస్తారు. పొద్దున ఆ బండి సరుకు తోలుకుపోతుంది గనుక నడిచి వెళ్తారు. బండ్ల హోరు తగ్గేదాకా ఆగి, పదిన్నరకు కూడలి దాటుతారు. ముందు మేస్త్రి, ఆయన భుజంపై రెండవవాని చేయి, వాని భుజంపై మూడవవాని చేయి. ఇదంతా ఆయన నవ్వుతూనే చెప్పాడు. రోడ్డు ఎలా దాటుతారని అడిగాను.

“చెవితో సామీ. కదిలే బండి మొరుగుతాది, నిలబడిన బండి గురక పెడతాది. ఈ పక్క అంతా గురకయితే దిగిపోతాం. ముందర ఈ అన్న ఈల వేస్తా ఉన్నాడు మాకోసరం. లైటొచ్చినాక ఈల కూడా అక్కర లేకపోయింది. ఎర్ర లైటు పడితే అంతా గప్‌చిప్. లైటు పెట్టినోడు ఎవరో మహానుభావుడప్పా, కళ్లు లేనోళ్ల కోసరం దీపం పెట్టినాడే అని మేమందరం నవ్వుకున్యాం.”

ఆ మహానుభావుణ్ణి నేనేనని గుమాస్తా పరిచయం చేశాడు. ఆయన ఉద్దేశం మర్యాదే.

“ఓహో. మీ ఆఫీసు కుర్చీలకు పేము అల్లేది మేమే సామీ,” అన్నాడు మేస్త్రి. “మీ కింద ఉండాం. మీ లెక్కలో లేకపోతిమి.”

తక్కినది కానిస్టేబుల్ చెప్పాడు. ప్రయోగం మొదలైన రోజే, ఎర్ర దీపం పడ్డా ఎడమ వైపు మొరుగుడు ఆగడం లేదని మేస్త్రి ఆయనకు చెప్పాడట. అప్పటి నుంచి పదిన్నరకు ఆయన వచ్చి చేయి అడ్డం పెట్టేవాడు. చీటీ ఇచ్చిన మర్నాడు, ఆదివారం, వాళ్లు ఉండే చోటికి పోయి హెచ్చరిద్దామనుకుంటే, ఉత్సవం బందోబస్తు పడింది. సోమవారం ఎదుటి మూల నుంచి కేక వేశాడు. బస్సు హోరులో వినబడలేదు. ఆ వ్యాను తోలినవాడు నియమం ప్రకారం ఆగాడు, చూశాడు. కాని ఎడమకు తిరిగేవాడు చూసేది కుడి వైపు, ఎందుకంటే తనను కొట్టగల బండి అటు నుంచే వస్తుంది. తాను కొట్టగల మనిషి ఎడమ వైపు నుంచి దిగాడు. ఈ సంగతి నా పదకొండు పుటల్లో లేదు.

విచారణలో నా చీటీ చూపమని కానిస్టేబుల్‌తో అన్నాను. ఆయన తల గోక్కున్నాడు.

“అది లేదు సార్. ఆదివారం మా ఇంటామె చొక్కా ఉతికేసింది. జేబులో గుజ్జు మిగిలింది.”

“నోటితోనైనా చెప్పండి.”

“కాయితం లేకుండా ఆఫీసరు మీద చెప్తే ఒక తప్పు రెండవుతాది సార్. వద్దు. నా పొరపాటే అనేస్తే శిక్ష కొంచెం తగ్గిస్తారంట. మా స్టేషను రైటరు చెప్పినాడు.”

నన్ను ఆయన ఏమీ అడగలేదు. నా దగ్గర కార్బన్ నకలు ఉంటుందని ఆయనకు తెలియదు. ఆ చీటీ ఒకటి పుట్టిందనడానికి లోకంలో మిగిలిన రుజువు నా సొరుగులో ఉన్నది.

ఆఫీసుకు తిరిగి వచ్చి లెక్క పత్రాలు తీశాను. రెండు వారాల పత్రాల్లో, ఆదివారాలు విడిచి ప్రతి పొద్దునా పదిన్నర ప్రాంతంలో, రిమార్కుల గడిలో, గుమాస్తా ముత్యాల వంటి అక్షరాలతో: ఊరేగింపు, ఒకటి. ఊరేగింపు, ఒకటి. నివేదిక వ్రాసేటప్పుడు వీటిని నేను చూశాను. ఏదో గుడి ఉత్సవమనుకున్నాను. పన్నెండు రోజులూ, ఒకే నిమిషానికి, బాజా లేకుండా సాగే ఉత్సవం ఏ గుడిదో ఆలోచించలేదు.

గుమాస్తాను పిలిచి చూపించాను.

“మీ ఏడో నియమమే సార్. వరసకట్టి పోతే ఒకటి. ఆళ్లు భుజాలు పట్టుకొని వరసగానే పొయ్యేది,” అన్నాడు. తరువాత, కొంచెం నెమ్మదిగా, “మొదటి దినమే మిమ్మల్ని అడగాలనుకున్యా. నియమాల మీద ప్రశ్నలు వేయకూడదని పన్నెండోది ఉండాది కదా.”

ఉన్నది. అదీ నేనే వ్రాశాను.

మర్నాడు పదిన్నరకు ఆ కూడలికి వెళ్లి, వాళ్లు దిగే చోటనే కాలిబాట ప్లాట్‌ఫారం అంచున నిలబడి కళ్లు మూసుకున్నాను. ఇంజినీరు తన పనిని పరీక్షించవలసిన పద్ధతి అదేనని తోచింది. ప్రయోగం ఇంకా నడుస్తూనే ఉన్నది; మేస్త్రి లేచేదాకా ఆ వరుస మాత్రం రావడం మానింది. మొదట ఒకటే గోల. కొంతసేపటికి మొరుగుడు, గురక వేరువేరుగా తెలియసాగాయి. ఎర్ర దీపం పడిందని బస్సుల బ్రేకుల చప్పుడు చెప్పింది. ఇక నిశ్శబ్దం రావాలి. నా ఎడమ చెవి దగ్గరగా ఒక లారీ, దాని వెంట ఒక కారు, సైకిలు గంట, మరొక కారు. నా పాదం అంచు దాటి ముందుకు పోలేదు. దీపం మళ్లీ మారింది, మళ్లీ ఎర్రబడింది. మళ్లీ పోలేదు. ఒక జట్కావాడు బండి ఆపి, నిలబడి నిద్రపోతా ఉండారే సామీ, ఇంటికాడ దించేదా అని అడిగాడు. కళ్లు తెరిచాను. బోర్డు నా నెత్తిపైనే ఉన్నది, మూడు భాషలలో, ఒక్క అక్షరదోషం లేకుండా.

విచారణకు ముందు రోజు నకలు విషయం పై అధికారికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాడు. నన్ను కొడుకులా చూసుకున్నారు. చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. విచారణకు అడిగింది నివేదికనూ లెక్క పత్రాలనూ గాని చీటీల పుస్తకాన్ని కాదు. అడగని కాగితం ఇవ్వకపోవడం అబద్ధం కాదు. పదోన్నతి కాగితాలు ఈ వారమే పైకి పోతున్నాయి. కానిస్టేబుల్‌ను కఠినంగా శిక్షించవద్దని తాము స్వయంగా ఒక మాట చెబుతారు. ఇవి ఆయన మాటల సారం. ఆ రాత్రి ఆ సలహా నాకు ఎంతో సమంజసంగా కనిపించిందని వ్రాయకపోతే ఈ జ్ఞాపకానికి అర్థం లేదు. పొద్దున పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నప్పుడు కూడా దాన్ని బయటికి తీస్తానని నాకు నమ్మకం లేదు.

విచారణ గదిలో కానిస్టేబుల్ బెల్టు లేని చొక్కాతో నిలబడ్డాడు. ఉత్త తలతో ఆయన ముసలివాడిలా కనిపించాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కు కట్టుకున్నాడు. ఘటన జరిగినప్పుడు మలుపు దగ్గర ఎందుకు లేవని అడిగారు. నా పొరపాటే సార్ అన్నాడు. ఎదుటి మూలన ఏమి చేస్తున్నావని అడిగారు. మళ్లీ అదే మాట. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే బహుశా నాకు కోపం వచ్చేది; పుస్తకం సంచిలోనే ఉండిపోయేది.

నా వంతు వచ్చింది. లెక్క పత్రాలు బల్లపై పెట్టాను. వాటి పక్కన చీటీల పుస్తకం పెట్టి, శనివారం నాటి నకలు తెరిచాను.

“ఈయన మూలన నిలబడింది నా ఆజ్ఞ ప్రకారం,” అన్నాను. “చేతితో ఆపవద్దన్నది నేనే. ఆపుతున్నంత కాలం ఎవరికీ దెబ్బ తగలలేదు.”

తరువాత రిమార్కుల గడి చూపి, ఊరేగింపు అంటే ఏమిటో చెప్పాను. విచారణాధికారి పన్నెండు పత్రాలనూ ఒక్కొక్కటిగా తిప్పారు. ఏడవ నియమం ఎవరు వ్రాశారని అడిగారు. చెప్పాను. ఎవరూ నవ్వలేదు గాని, రైటరు తల వంచుకొని చాలాసేపు ఏదో వ్రాసుకున్నాడు.

వారంలోగా కానిస్టేబుల్‌కు బెల్టు, టోపీ తిరిగి ఇచ్చారు. ప్రయోగం ఆగింది, బోర్డు దింపారు. నాకు వ్రాతపూర్వకమైన మందలింపు, దాని వెంట మురుగు కాలువల విభాగానికి బదిలీ వచ్చాయి. పదోన్నతి నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. మురుగు కాలువలలో ఎరుపు లేదు, ఆకుపచ్చ లేదు. నీరు పల్లం చూసుకొని తనంతట పోతుంది. ఆ విభాగంలో నేను సుఖంగానే ఉన్నాను. కొత్త విభాగంలో నా మొదటి పత్రానికి నియమాలు పదకొండే. పన్నెండవదాన్ని తీసివేశాను. గుమాస్తాను అడిగి తెప్పించుకున్నాను. ఆయన మొదటి రోజే ఆరు ప్రశ్నలు వేశాడు.

ఇక ఆ యువకుని ప్రశ్న. ఎడమకు పోనివ్వవచ్చునా? నేను కూడదని చెప్పలేదు. కొన్ని కూడళ్లలో పోనివ్వవచ్చును. నేను తూచిన తూకం తప్పని కూడా చెప్పను; కాలం విలువైనదే, ఎండలో నిలిచే ఎద్దు శ్రమ కూడా నిజమే. అయితే ఆ అర నిమిషం మిగిలేది బండిలో కూర్చున్నవానికి. అపాయం పడేది నేలపై నడిచేవానిపై. ఇద్దరూ ఒకరే అయితే లెక్క తేలిక. కాదు గనుక, నివేదిక వ్రాసే ముందు ఆ మూలన అరగంట కళ్లు మూసుకొని నిలబడమని చెప్పాను. అక్కడి కానిస్టేబుల్ ఏదైనా చెప్పబోతే చివరిదాకా వినమన్నాను. అతను పుస్తకంలో వ్రాసుకున్నాడు. కార్బన్ ఉన్నదో లేదో చూడలేదు.

ఒక్క మాట మిగిలింది. ఆ ఏడాది చివర, ఆ కూడలిలో కాలువ మూత పగిలిందని తనిఖీకి వెళ్లాను. వేరొకరిని పంపవచ్చును; నేనే వెళ్లాను. పదిన్నర కావస్తున్నది. కానిస్టేబుల్‌కు అది ఆఖరి వారం. నన్ను చూసి మడమలు కలిపి సెల్యూట్ చేశాడు. అప్పుడే పేము శాల వారి వరుస వచ్చి ప్లాట్‌ఫారం అంచున ఆగింది. ముందు మేస్త్రి, చేతిలో కొత్తగా ఒక కర్ర.

“బూట్లు కొట్టినావే అన్నా. ఎవరుండారు ఆడ?”

“ఇంజినీరు సారు.”

మేస్త్రి నా వైపుకు, కొంచెం పక్కగా, ముఖం తిప్పాడు.

“తొమ్మిదిమందిమి సామీ. ఈ తూరి ఒక్కొక్కరినీ రాసుకోండి.”

ఎర్ర దీపం పడింది. మొరుగుడు గురకగా మారింది. ఎడమ వైపున కూడా. మేస్త్రి ఒక క్షణం విని, కర్ర ముందుకు చాచి దిగాడు. నా దగ్గర పత్రం లేదు. వేళ్లపై లెక్కపెట్టాను. తొమ్మిది అని ఆపబోతే వరుస ఇంకా ఉన్నది. పది. తొమ్మిదవవాని భుజంపై చేయి వేసి నడుస్తున్న ఆ పదవ మనిషి నెత్తిన ఎర్ర టోపీ ఉన్నది.